ఫీల్డ్స్ కార్నర్ దగ్గర సున్నా

2015 మే 26. ఆ రోజుల్లో అమెరికాలో, భర్త ఉద్యోగ వీసా వెంట ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న నాలాంటి ఆడవాళ్లలో చాలామందికి ఈ తేదీ ఇప్పటికీ గుర్తే. భర్త గ్రీన్ కార్డు ఫైలు ఒక దశ దాటి ఉంటే భార్య కూడా ఉద్యోగం చేసుకోవచ్చని, ఆ రోజు నుంచి దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి నాలుగేళ్లుగా నేను బోస్టన్ పక్కనున్న క్విన్సీలో ఇంట్లోనే ఉన్నాను. విజయవాడలో ఆరేళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, పొద్దున వంటయ్యాక కిటికీ దగ్గర కూర్చుని రెడ్ లైన్ మెట్రో రైళ్లు వెళ్తుంటే చూస్తూ ఉండేదాన్ని. పని అనుమతి కార్డు చేతికొచ్చిన వారంలోనే ఆ రైలెక్కి ఇంటర్వ్యూకి వెళ్లాను.

ఉద్యోగం దొరికింది బోస్టన్ నగరంలో భాగమైన డోర్చెస్టర్‌లో, ఫీల్డ్స్ కార్నర్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే ఒక చార్టర్ హైస్కూల్లో. మొదటి ఏడాది ట్యూటర్‌గా చేశాను. తర్వాత మూడేళ్లు తొమ్మిదో తరగతికి ఆల్జీబ్రా చెప్పాను.

చార్టర్ స్కూల్ అంటే ప్రైవేటు స్కూలని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. కాదు. అక్కడ ఫీజు ఉండదు, డబ్బు ప్రభుత్వానిదే. కానీ మిగతా ప్రభుత్వ స్కూళ్లలా నగర విద్యాశాఖ కింద ఉండదు, సొంత బోర్డు నడుపుతుంది. మసాచుసెట్స్‌లో రాష్ట్రం ఐదేళ్లకొకసారి దాని పనితీరు చూసి, కొనసాగించాలా మూసేయాలా అని తేలుస్తుంది. దేశంలో మొదట 1991లో మిన్నెసోటా ఇలాంటి చట్టం చేసింది, 1993లో మసాచుసెట్స్ చేసింది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువొస్తే లాటరీ తీయాల్సిందే. మార్కులు చూసి ఏరుకోవడం కుదరదు. టీచర్‌కి ముందే లైసెన్స్ ఉండనక్కర్లేదు, మొదటి ఏడాదిలోగా రాష్ట్రం పెట్టే పరీక్షలు పాసైతే చాలు. నాలాంటి దానికి ఆ తలుపు తెరుచుకున్నది అందువల్లే.

మా స్కూలు రెండు మాటల మీద నడిచేది. ప్రతి పిల్లా, పిల్లాడూ కాలేజీకి వెళ్లాలి. ప్రతి ఒక్కరూ తమ ఊళ్లో జరిగే అన్యాయాన్ని గుర్తుపట్టగలగాలి. ఈ రెండూ ఒకే గోడ మీద పక్కపక్కనే రాసి ఉండేవి. ఒక పక్క కాలేజీల జెండాలు, ఇంకో పక్క నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన మాల్కం ఎక్స్ ఫోటో. ఆయన కుర్రతనంలో ఉన్న ఇల్లు రాక్స్‌బరీలో, మాకు దగ్గరే.

నన్నక్కడ మేడం అనేవాళ్లు లేరు. మిస్ అనేవాళ్లు. పేరు కూడా ఉండదు, ఉత్త మిస్. "మిస్, ఈ ఎక్స్ మొన్న ఐదు కదా, ఇవాళ మూడెలా అయింది?" మొదటి నెలలో నన్నడిగిన ప్రశ్న అది. నాకు భలే నచ్చింది. విజయవాడలో ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు. మా పిల్లలకి అడిగే టైమెక్కడిది పాపం!

క్రమశిక్షణ విషయంలో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. అది ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. యూనిఫాం, వరసలో నడవడం, క్లాసులో కునికితే డీమెరిట్, అంటే తప్పుకి పడే చెడ్డ మార్కు, మూడు డీమెరిట్లయితే సాయంత్రం డిటెన్షన్, అంటే బడి వదిలాక కూడా ఆపేయడం. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ పెట్టే కాలేజీల్లోంచి వచ్చినదాన్ని నేను. కొత్తగా చేరిన అమెరికన్ కుర్ర టీచర్లు డీమెరిట్ రాయడానికి తటపటాయిస్తుంటే నేను టకటకా రాసేసేదాన్ని. నా క్లాసు నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు.

ట్యూటర్‌గా ఉన్న ఆ మొదటి ఏడాది నా దగ్గర ట్యూషన్‌కి ఒక పదో తరగతి అబ్బాయి ఉండేవాడు, పొడుగ్గా, ఎప్పుడూ తల వంచుకుని. పొద్దున మొదటి పీరియడ్‌లో నిద్రపోయేవాడు. నేను వరసగా డీమెరిట్లు రాశాను. ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల నానమ్మ వచ్చింది. రాత్రి పదకొండు దాకా డోనట్ కొట్లో పనిచేసి వస్తున్నాడనీ, అద్దెలో సగం వాడి జీతంలోంచే కడుతున్నామనీ, స్కూల్లో చెప్పొద్దన్నాడనీ చెప్పింది. డిటెన్షన్ వల్ల పనికి ఆలస్యమై రెండుసార్లు జీతం కోత పడిందట. నేను ఏమీ అనలేకపోయాను. ఇంటికొచ్చాక ఆ రాత్రంతా విజయవాడలో నేను క్లాసు బయట నిలబెట్టిన మొహాలే కళ్లముందు కనపడ్డాయి. వాళ్లలో ఎవరింట్లో ఏముందో నేను ఏనాడూ అడగలేదు.

ఆ తర్వాత కూడా స్కూలు నియమాలు స్కూలువే. నేను మాత్రం రాసే ముందు అడగడం మొదలుపెట్టాను.

2016లో సొంత క్లాసు ఇచ్చినప్పుడు మా లెక్కల విభాగం పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి బాబ్ మోజెస్ గురించి చెప్పింది. 1960ల మొదట్లో మిసిసిపీలో నల్లవాళ్లని ఓటర్లుగా నమోదు చేయించడానికి ప్రాణాలకి తెగించి తిరిగిన మనిషి ఆయన. తర్వాత టాంజానియాలో లెక్కల మాస్టారుగా పనిచేశాడు. బోస్టన్‌కి నది అవతలి ఒడ్డునున్న కేంబ్రిడ్జ్‌లో కూతురి స్కూలుకి వెళ్లి, అక్కడి పిల్లలకి ఆల్జీబ్రా చెప్పడం మొదలుపెట్టాడు. 1982లో వచ్చిన మకార్థర్ ఫెలోషిప్ డబ్బుతో దాన్నే ఆల్జీబ్రా ప్రాజెక్ట్‌గా పెంచాడు. ఓటు హక్కు ఎలాంటిదో ఆల్జీబ్రా కూడా అలాంటి హక్కేనని ఆయన వాదన. అది రాకపోతే కాలేజీ గుమ్మం దగ్గరే ఆగిపోతారు కాబట్టి.

ఆయన పిల్లల్ని రెడ్ లైన్ రైలెక్కించేవాడు. ఒక స్టేషన్‌ని గుర్తుగా పెట్టుకుని, అటు ఎన్ని, ఇటు ఎన్ని అని లెక్కేయించి, దాంట్లోంచే ధన సంఖ్యలు, రుణ సంఖ్యలు రాబట్టేవాడు. అది విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. నాలుగేళ్లు కిటికీలోంచి చూసిన రైలు అది!

సెప్టెంబరులో నా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుని ఎక్కాను. ఫీల్డ్స్ కార్నర్ సున్నా అని నేనే చెప్పేశాను. ఊరి మధ్యకి వెళ్లేది ప్లస్. సావిన్ హిల్ ఒకటి, జేఎఫ్‌కే-యూమాస్ రెండు, ఆండ్రూ మూడు, బ్రాడ్‌వే నాలుగు, సౌత్ స్టేషన్ ఐదు. పార్క్ స్ట్రీట్ ఏడు. తర్వాత రైలు సొరంగంలోంచి బయటికొచ్చి, చార్లెస్ స్టేషన్ దాటి లాంగ్‌ఫెలో వంతెన ఎక్కుతుంది. నది మీద తెల్లటి తెరచాపలు కనిపించగానే పిల్లలందరూ ఒకేసారి అటు పక్క కిటికీలకి అతుక్కుపోయారు. కెండల్-ఎంఐటీ తొమ్మిది. హార్వర్డ్ పదకొండు. పదకొండు స్టేషన్లంతే, అరగంట కూడా పట్టదు. నా క్లాసులో ఇరవైనాలుగు మంది ఉంటే, అంతకుముందు హార్వర్డ్ స్టేషన్‌లో దిగినవాళ్లు నలుగురే. ఆ లెక్క నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

మర్నాడు క్లాసులో పొడవాటి కాగితం పట్టీ మీద గీత గీశాం. ఎడమ వైపు షామట్ మైనస్ ఒకటి, ఆష్‌మాంట్ మైనస్ రెండు. ఆష్‌మాంట్‌లో రెడ్ లైన్ అయిపోతుంది. అక్కణ్ణుంచి మాటపాన్‌కి 1940ల నాటి నారింజ రంగు ట్రాలీ బండ్లు నడుస్తాయి. మాటపాన్ నుంచి వచ్చే పిల్లలు మా స్టేషన్లు కూడా రాయాలని పట్టుబట్టారు. సీడర్ గ్రోవ్, బట్లర్, మిల్టన్... రాసుకుంటూ పోతే మాటపాన్ మైనస్ తొమ్మిది దగ్గర తేలింది. అవతలి పక్క ఎంఐటీ ప్లస్ తొమ్మిది.

హైతీ నుంచి వచ్చిన కుటుంబం పిల్ల ఒకతి, వెనక బెంచీలో కూర్చునేది, లేచి నిలబడింది. "మిస్, మా ఇల్లు ఎందుకు మైనస్?"

రుణ సంఖ్య అంటే తక్కువని కాదు, దిశ మాత్రమే అని చెప్పబోయాను. పుస్తకంలో ఉన్న జవాబు అదే. ఆ పిల్ల వినలేదు. "సున్నా ఎక్కడుండాలో ఎవరు చెప్పారు?" అంది. నేనే చెప్పానన్నాను. "అయితే మాటపాన్‌లో పెట్టండి."

పెట్టాం. ఆ పీరియడ్ మొత్తం మళ్లీ మొదట్నుంచి లెక్కేశాం. మాటపాన్ సున్నా, ఆష్‌మాంట్ ఏడు, మా స్కూలు తొమ్మిది, జేఎఫ్‌కే-యూమాస్ పదకొండు, ఎంఐటీ పద్దెనిమిది, హార్వర్డ్ ఇరవై. రెండు స్టేషన్ల మధ్య దూరం మాత్రం మారలేదు. సున్నా ఎటు జరిపినా తేడా అలాగే ఉంటుందని పిల్లలే కనిపెట్టారు. ఇన్నేళ్లలో నేను చెప్పిన పాఠాల్లో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. దాన్ని నడిపింది నేను కాదు.

ఆ నవంబరు మరిచిపోలేను. 2016 నవంబరు 8న దేశానికి అధ్యక్షుడి ఎన్నికతో పాటు మా రాష్ట్రంలో చార్టర్ స్కూళ్ల మీద కూడా ఓటింగ్. ఏడాదికి పన్నెండు దాకా కొత్త చార్టర్లు పెట్టుకోనివ్వాలా వద్దా అన్నది బ్యాలెట్ మీద రెండో ప్రశ్న. డాట్ ఆవ్ పొడుగునా, అంటే డోర్చెస్టర్ అవెన్యూ, అక్కడందరూ అలాగే పిలుస్తారు, ఇళ్ల ముందు రెండు రకాల బోర్డులూ ఉండేవి. లాటరీలో సీటు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూసి, బోస్టన్ చార్టర్లలో చేరిన పిల్లలు రెండేళ్ల కాలేజీల బదులు నాలుగేళ్ల కాలేజీలకి ఎక్కువగా వెళ్తున్నారని ఎంఐటీ ఆర్థికవేత్తలు తేల్చారు. అది నిజమే, నేను కళ్లారా చూశాను. కానీ పిల్లాడితో పాటు వాడి వాటా డబ్బూ చార్టర్‌కి వస్తుంది, ఆ మేరకు నగర స్కూళ్లకి లోటు పడుతుంది. మా పిల్లల అన్నలు, చెల్లెళ్లు చదివేది ఆ స్కూళ్లలోనే. నాకు ఓటు లేదు. ఉంటే ఎటు వేసేదాన్నో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. నూటికి అరవైరెండు మంది వద్దన్నారు.

మర్నాడు పొద్దున, ట్రంప్ గెలిచాడని తెలిశాక, స్కూల్లో ఎవరూ ఆ రెండో ప్రశ్న ఊసెత్తలేదు. ఎల్ సాల్వడార్, హైతీ, కేప్ వర్డ్ కుటుంబాల పిల్లలు కోట్లు కూడా విప్పకుండా బెంచీల్లో కూర్చున్నారు. ఒకడు, "మిస్, మీకు కూడా వీసానే కదా?" అన్నాడు. అవునన్నాను. వాడు లేచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇంకేమీ మాట్లాడలేదు. ఏడాది తిరిగేసరికి, 2017 నవంబరులో, భూకంపం తర్వాత హైతీ వాళ్లకి అమెరికాలో ఉండడానికిచ్చిన తాత్కాలిక రక్షణ రద్దు చేస్తామన్నారు. ఆ వారం రోజులూ నా క్లాసులో హోంవర్క్ తెచ్చినవాళ్లు తక్కువ. నేను అడగలేదు.

న్యాయం గురించిన పాఠాలు మా స్కూల్లో చరిత్ర క్లాసుకే పరిమితం కాదు. 1974లో కోర్టు తీర్పుతో నల్ల పిల్లల్ని బస్సుల్లో తెల్లవాళ్ల స్కూళ్లకి, వాళ్లని వీళ్ల స్కూళ్లకి పంపినప్పుడు బోస్టన్‌లో జరిగిన గొడవ గురించి చెప్పడానికి ఒక అమ్మాయి అమ్మమ్మ వచ్చింది. కిటికీ పక్కన కూర్చోవద్దని వాళ్లమ్మ చెప్పి పంపిందట, రాళ్లు పడతాయని. ఇంకా ఎన్నో విషయాలు చెప్పింది గానీ నాకు అదొక్కటే నిలిచిపోయింది.

నా వంతుకి మధ్యగతం (మీడియన్), అంటే అంకెల్ని వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది, ఆ పాఠం వచ్చింది. 2015లో బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఒక నివేదిక వేసింది. బోస్టన్ ప్రాంతంలో తెల్ల కుటుంబాల ఆస్తి మధ్యగతం 2,47,500 డాలర్లు. తరతరాలుగా అమెరికాలోనే ఉన్న నల్ల కుటుంబాలది 8 డాలర్లు. బోర్డు మీద రాయగానే, "మిస్, సున్నాలు మర్చిపోయారు" అన్నారు. మర్చిపోలేదన్నాను. గదిలో చప్పుడు లేదు. అప్పులన్నీ తీసేశాక మిగిలేది అది. సగం ఇళ్లలో ఆ ఎనిమిది కూడా ఉండదు, మధ్యగతమంటే అర్థం అదే కదా. ఇళ్లు కొనుక్కోవడానికి బ్యాంకులు అప్పులివ్వని పేటల మ్యాపు వాళ్లు అప్పటికే చరిత్ర క్లాసులో చూసి ఉన్నారు. అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకరు చెప్పక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం రైల్లో నాకు మా తాతగారి పొలం గుర్తొచ్చింది. తెనాలి దగ్గర ఆరెకరాల మాగాణి. మా నాన్న చదువు, నా చదువు, నా పెళ్లి, మావారు అమెరికా రావడానికి పెట్టిన బ్యాంకు గ్యారంటీ అన్నీ దాంట్లోంచే. ఆ పొలంలో నాట్లు వేయడానికి వచ్చేవాళ్ల అమ్మాయి నాతో ఏడో తరగతి దాకా చదివింది. భిన్నాలు నాకంటే వేగంగా చేసేది. ఏడు అయిపోగానే బడి మానేసి తల్లితో పాటు మా పొలానికే నాట్లకి వచ్చింది. నేను గట్టు మీద నిలబడి చూశాను. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు, అలాగే జరుగుతుంది కాబోలు అనుకున్నాను. క్విన్సీలో మనవాళ్ల ఇళ్లలో వారాంతపు విందుల్లో కలిసినప్పుడు, "డోర్చెస్టర్‌లోనా! భయం లేదా? మనలాగ కష్టపడి చదివితే వాళ్లూ పైకొస్తారుగా" అనేవారు. నేనూ అదే మాట ఎన్నిసార్లు అన్నానో. ఆ రోజు తర్వాత అనలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2017 వసంతంలో మాల్డెన్‌లో ఒక చార్టర్ స్కూలు నల్ల అమ్మాయిలు సవరం కలిపి అల్లుకునే జడల మీద నిషేధం పెట్టి శిక్షలు వేస్తే రాష్ట్ర అటార్నీ జనరల్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. మా పిల్లలు ఆ వార్త పట్టుకుని మా స్కూలు నియమాల పుస్తకం మొత్తం చదివారు. మీరు నేర్పిన న్యాయం మీకూ వర్తించాలి కదా అని మూడు పేజీల అర్జీ రాసి, ఎవరికెన్ని డీమెరిట్లు పడుతున్నాయో లెక్కలు కట్టి, బార్ గ్రాఫులతో సహా పెట్టారు. గ్రాఫు ఇరుసుల మీద కొలతలు సరిగ్గా ఉన్నాయా లేదా అని నన్ను చూడమన్నారు. చూశాను. అందులో నా పేరు మీద పడ్డ డీమెరిట్ల గీత కూడా ఉంది. కొలత సరిగ్గానే ఉందన్నాను. మరుసటి ఏడాది కునికిపాట్లకి డీమెరిట్ తీసేశారు.

ఫాఫ్సా గురించి చెప్పకపోతే ఆ స్కూలు గురించి చెప్పినట్టే కాదు. కాలేజీ ఆర్థిక సాయం కోసం నింపే ఫారం అది, అప్పట్లో వందకు పైగా ప్రశ్నలు ఉండేవి. అక్టోబరు వస్తే సాయంత్రాలు లైబ్రరీలో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నింపించేవాళ్లం. వీసా ఫారాలు నింపీ నింపీ అలవాటైన చెయ్యి నాది, నన్ను కూడా పిలిచారు. 2017లో నా ముందు కూర్చున్నది, మా ఇల్లు ఎందుకు మైనస్ అని అడిగిన ఆ పిల్ల తల్లి. పెద్దమ్మాయి పన్నెండో తరగతి. రాత్రిళ్లు డౌన్‌టౌన్ ఆఫీసులు శుభ్రం చేసే పని ఆవిడది, యూనిఫాంలోనే వచ్చింది. గ్రీన్ కార్డు, పన్ను కాగితాలు పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చింది. జీతం అంకె చెప్పాల్సి వచ్చినప్పుడు నోటితో చెప్పలేదు. కూతురికి వినపడకుండా కాగితం మీద వేలు పెట్టి చూపించింది.

పెద్దమ్మాయికి ఐదు కాలేజీల్లో సీటొచ్చింది. ఐదు ఉత్తరాలూ గోడకెక్కాయి. మన దగ్గర ర్యాంకుల ఫ్లెక్సీలు కడతారే, అచ్చం అలాగే, ఫోటోతో సహా. పేద పిల్లల కాలేజీ చదువుకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ ఆ ఏడాది అత్యధికంగా 6,095 డాలర్లు. అది, కాలేజీ ఇచ్చింది, లోన్లు అన్నీ కలిపినా ఇంకా ఏడాదికి ఎనిమిది వేలు తగ్గింది. అయినా అందరం వెళ్లమన్నాం, నేను కూడా. ఏడాదిన్నరకి బాకీ పడి వెనక్కొచ్చేసింది. గోడ మీద ఉత్తరాలు మాత్రం అలాగే ఉన్నాయి. దేశమంతా పేరున్న కిప్ చార్టర్ స్కూళ్లు 2011లో, తమ దగ్గర చదివిన తొలి పిల్లల్లో నూటికి ముప్ఫైమూడు మందే నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేశారని తామే బయటపెట్టాయి. పేద పిల్లల సగటు కంటే అది చాలా ఎక్కువే. అయినా చేరినవాళ్లని కాక పూర్తిచేసినవాళ్లని లెక్కపెట్టారే, ఆ పని మా గోడ కూడా చేసి ఉండాల్సింది.

2019లో మా మామగారి ఆరోగ్యం కోసం హైదరాబాద్ వచ్చేశాం. చివరి రోజు పిల్లలు ఆ కాగితం పట్టీని చుట్టి రిబ్బన్ కట్టి ఇచ్చారు, మాటపాన్ సున్నాగా రాసిందే. వెనకాల ఇరవైనాలుగు సంతకాలు.

2020 మేలో, మా ఇల్లు ఎందుకు మైనస్ అని అడిగిన ఆ చిన్నమ్మాయి నుంచి మెయిల్ వచ్చింది. కోవిడ్ వల్ల గ్రాడ్యుయేషన్ పండుగ లేదు, గౌను వేసుకుని ఇంటి మెట్ల మీద దిగిన ఫోటో పంపింది. దూరంగా ఉన్న ప్రైవేటు కాలేజీ ఒకటి సీటిచ్చినా వద్దనుకుని, జేఎఫ్‌కే-యూమాస్ స్టేషన్ దగ్గరున్న ప్రభుత్వ యూనివర్సిటీ యూమాస్ బోస్టన్‌లో చేరుతోందట, అక్క సంగతి చూసింది కాబట్టి. కింద ఒక్క వాక్యం: "పదకొండో స్టేషన్, మిస్." మరుసటి ఏడాది జులైలో బాబ్ మోజెస్ పోయారని కూడా ఆ అమ్మాయే రాసింది.

ఇప్పుడు శనివారాలు మూసాపేట దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తున్నాను. ఇక్కడి మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్లేదీ రెడ్ లైనే. ఇరవై ఏడు స్టేషన్లు. పోయిన వారం పిల్లలతో కాగితం పట్టీ అతికించి పేర్లన్నీ రాయించాను, అంకెలు మాత్రం రాయలేదు. సున్నా ఎక్కడ పెట్టాలో ఇంట్లో ఆలోచించుకుని రమ్మన్నాను.